డికాషన్ రంగు నీళ్ళు: అక్వేరియంలో ఒక కర్ర ముక్క వెనకున్న చరిత్ర

మన ఛానెల్‌లో మామూలుగా కోటల గురించో, పాత రోడ్ల గురించో మాట్లాడుకుంటాం కదా. ఈరోజు నా చేతిలో ఉన్నది మాత్రం ఒక కర్ర ముక్క. వీడియోలో చూసినవాళ్ళకి కనబడుతుంది, చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను: మూరెడు పొడవు, ఒక చివర రెండు పాయలుగా చీలింది, పైన బెరడు లేదు, నీళ్ళలో అరిగి అరిగి నున్నగా అయిపోయింది. దీని వల్ల, అంటే సరిగ్గా చెప్పాలంటే దీన్ని చూసి నేను భయపడ్డం వల్ల, ఒక్క రాత్రిలో ఆరు చేపలు చచ్చిపోయాయి. ఆ తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కుంటూ వెళితే లండన్, అమెజాన్, స్టాక్‌హోమ్, డెహ్రాడూన్ తిరిగి మళ్ళీ మా గోదావరి గట్టుకే వచ్చాను. ఈ ఎపిసోడ్ ఆ ప్రయాణమే.

ముందు జరిగింది చెప్పేస్తాను.

2022 జులై వరద గుర్తుందా? భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత మళ్ళీ అంత నీళ్ళు చూడలేదు జనం. వరద తీశాక రాజమండ్రి దగ్గర ఇసుక తిన్నెల మీద ఎక్కడెక్కడి అడవుల కర్రో వచ్చి పడింది. దుంగలు, వేర్లు, కొమ్మలు. నేను సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు ఈ ముక్క దొరికింది. హైదరాబాద్‌లో నా రూమ్‌లో రెండడుగుల ట్యాంక్ ఉంది, అందులో ఆరు నియాన్ టెట్రాలు. నీలం గీత, ఎర్ర తోక, మసక వెలుతురులో కూడా మెరుస్తాయి. ఈ కర్ర పెడితే ట్యాంక్ అదిరిపోతుందనుకున్నాను.

రెండు రోజులు బకెట్లో నానబెట్టాను. తేలుతోంది. రాయి కట్టి ట్యాంక్‌లో దింపేశాను. మూడో రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే నీళ్ళు మొత్తం డికాషన్ రంగు. కర్ర మీద తెల్లగా జిగురు లాంటి పొర. నా మైండ్‌లో ఒకటే మాట: విషం. రాత్రి పదకొండింటికి ట్యాంక్‌లో నీళ్ళన్నీ తోడేసి, కుళాయి నీళ్ళు నింపేశాను. పనిలో పనిగా ఫిల్టర్ స్పాంజిని కూడా అదే కుళాయి కింద పిండి పిండి కడిగాను. పొద్దున లేచేసరికి నాలుగు చేపలు పైకి తేలి ఉన్నాయి. మిగతా రెండూ మధ్యాహ్నానికి పోయాయి.

కర్ర విషం కక్కిందనే అనుకున్నాను చాలా రోజులు. కర్రని బాల్కనీలోకి విసిరేశాను కూడా. అసలు సంగతి తెలిసింది తర్వాత. అది అర్థం కావాలంటే మనం 1850కి వెళ్ళాలి.

గాజు పెట్టెలో చెరువు

చేపల్ని గాజు పాత్రలో పెట్టుకోవడం కొత్తేమీ కాదు. కానీ పాత రోజుల్లో నీళ్ళు మార్చుతూనే ఉండాలి, లేకపోతే చేప చస్తుంది. ఎందుకు చస్తుందో కూడా సరిగ్గా తెలీదు. 1832లో సిసిలీలో ఉంటూ జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఆవిడ సముద్ర జీవుల్ని బతికుండగానే పరిశీలించడానికి గాజు పెట్టెలు చేయించుకుంది. ఇంట్లో పెట్టుకునే అక్వేరియానికి మాత్రం అసలు సూత్రం చెప్పింది లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్.

ఆయన 12 గ్యాలన్లు, అంటే సుమారు 54 లీటర్లు పట్టే గాజు పాత్ర తీసుకుని, అందులో ఇసుక, రాళ్ళు, వాలిస్‌నేరియా అనే నీటి మొక్క, రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లు వేశాడు. ఐడియా సింపుల్. మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, చేప పీల్చుకుంటుంది. చేప వదిలింది మొక్కకి పనికొస్తుంది. కొన్ని రోజులు బాగానే నడిచింది. తర్వాత మొక్క ఆకులు కుళ్ళడం మొదలైంది, నీళ్ళు మురిగాయి, గాజుకి పాచి పట్టింది. అప్పుడాయన ఏం చేశాడో తెలుసా? నీళ్ళు పారబోయలేదు. అందులో కొన్ని నత్తల్ని వదిలాడు. నత్తలు కుళ్ళిన ఆకునీ పాచినీ తినేశాయి, నీళ్ళు తేటపడ్డాయి. 1850లో ఈ ఫలితాల్ని లండన్ కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు.

1853లో లండన్ జూలో జనం చూడ్డానికి ఫిష్ హౌస్ తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో ‘అక్వేరియం’ అనే మాట ఇంటింటికీ పాకింది. బ్రిటన్‌లో గాజు మీద పన్ను 1845లోనే తీసేశారు కాబట్టి గాజు కూడా చవకైంది. అలా మొదలైంది ఈ పిచ్చి.

ఇక్కడ నా తప్పు నాకు మొదటిసారి కనబడింది. వారింగ్టన్‌కి 1850లో అర్థమైన విషయం ఏంటంటే, ట్యాంక్ అంటే నీళ్ళున్న పెట్టె మాత్రమే కాదు, అది నడుస్తున్న ఒక సంసారం. అందులో కంటికి కనబడని బాక్టీరియా కూడా ఉంటుందని తర్వాతి తరాలు కనిపెట్టాయి. చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియాని ఆ బాక్టీరియానే తక్కువ హానికరమైన నైట్రేట్‌గా మారుస్తుంది. అది ఎక్కువగా కాపురముండేది ఫిల్టర్ స్పాంజిలో. నేను ఆ రాత్రి క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళతో ఆ స్పాంజిని కడిగి బాక్టీరియాని చంపాను, అదే నీళ్ళు ట్యాంక్ నిండా పోసి చేపల మొప్పల్ని కాల్చాను. కర్ర ఒక పక్కన అమాయకంగా కూర్చునుంది.

సరే, మరి ఆ రంగు ఏంటి?

కరక్కాయ, తంగేడు, బాదం ఆకు

కర్రలోంచి వచ్చే ఆ గోధుమ రంగు పదార్థాల్లో ముఖ్యమైనవి టానిన్లు. పేరు ఇంగ్లిష్‌లో ఉంది గానీ వాటితో మనకి ఉన్న పరిచయం చాలా పాతది. పచ్చి తోలుని టానిన్ ఉన్న నీళ్ళలో ఊరబెడితే అది కుళ్ళకుండా చెప్పులకి పనికొచ్చే తోలవుతుంది. యూరప్‌లో దానికి ఓక్ చెట్టు బెరడు వాడేవాళ్ళు. మన దగ్గర తంగేడు బెరడు, తుమ్మ బెరడు వాడారు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, ఆ చెట్టు బెరడే అన్నమాట.

ఇంకా దగ్గరి ఉదాహరణ కలంకారీ. శ్రీకాళహస్తిలో బట్టని ముందు కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ నిండా టానినే. ఇంకోపక్క ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. ఆ ఇనుప నీళ్ళు కలంతో బట్ట మీద గీయగానే, టానినూ ఇనుమూ కలిసి నల్లటి గీత పడుతుంది. ఎన్ని ఉతుకులకీ పోదు.

ఇది అక్వేరియంలో ఎందుకు అంటారేమో. చాలామంది తేలే కర్రని ముంచడానికి దాని అడుగున పలకరాయి పెట్టి మేకు కొడతారు. మామూలు ఇనుప మేకు కొడితే కలంకారీ నలుపే మీ కర్ర మీద పడుతుంది, పైగా తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ వాడాలి, లేదా చేపల దారంతో కట్టేయాలి. ఈ చిట్కా చెబుతుంటే విన్నాను గానీ ఎందుకో కలంకారీ గురించి చదివాకే అర్థమైంది.

ఇంకొకటి. ఫైటర్ ఫిష్ పెంచేవాళ్ళు ఎండు బాదం ఆకు నీళ్ళలో వేస్తారు, చూశారా? మన వీధుల్లో నీడ కోసం పెంచే బాదం చెట్టు ఆకే. నీళ్ళు తేనె రంగుకి వస్తాయి, చేప హాయిగా ఉంటుంది. ఆ బాదం, మన కరక్కాయ, రెండూ టెర్మినేలియా అనే ఒకే ప్రజాతి చెట్లు. అంటే ఒక ట్యాంక్‌లో డబ్బులిచ్చి కొని వేసుకునే రంగుని, నేను నా ట్యాంక్‌లో ఉచితంగా వస్తే విషమని పారబోశాను.

నల్ల నది

అసలు దెబ్బ ఇక్కడుంది. ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పేరు విన్నారా? డార్విన్‌తో పాటు పరిణామ సిద్ధాంతం చెప్పిన ఆయన. 1848లో ఆయన బ్రెజిల్ వెళ్ళాడు. నాలుగేళ్ళు తిరిగాడు, రియో నీగ్రో నది పైదాకా వెళ్ళాడు. రియో నీగ్రో అంటేనే నల్ల నది అని అర్థం. అమెజాన్ నదుల్ని ఆయన మూడు రకాలుగా చెప్పాడు: ఒండ్రుతో తెల్లగా పారేవి, తేటగా నీలంగా ఉండేవి, నల్లవి. నల్ల నీళ్ళకి కారణం కుళ్ళే ఆకులు, వేర్లు, చెట్ల పదార్థమేనని రాశాడు. నది మొత్తం ఒక పెద్ద డికాషన్ గిన్నె అన్నమాట.

వాలెస్ 1852లో తిరిగి వస్తుంటే నడి సముద్రంలో ఓడ తగలబడింది. నాలుగేళ్ళు సేకరించిన నమూనాలు చాలావరకు బూడిద. ఆయన చేతికందిన రేకు పెట్టెలో కొన్ని కాగితాలు మిగిలాయి. వాటిలో రియో నీగ్రో చేపల పెన్సిల్ బొమ్మలు 200కు పైగా ఉన్నాయి. ఆ బొమ్మలు పుస్తకంగా వచ్చింది 2002లో, అంటే 150 ఏళ్ళకి.

ఆ నల్ల నీళ్ళలోనే బతికే చేప కార్డినల్ టెట్రా. దానికి 1956లో శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు పెద్ద గొడవే జరిగింది. రెండు వేర్వేరు బృందాలు ఒక్క రోజు తేడాతో రెండు పేర్లు ప్రచురించాయి. పంచాయితీ అంతర్జాతీయ కమిషన్ దాకా వెళ్ళింది, ఒక రోజు ముందు వచ్చిన పేరే నిలబడింది. దాని దగ్గరి చుట్టం నియాన్ టెట్రా. 1936లో పేరు పెట్టారు. అది పెరూ, కొలంబియా, బ్రెజిల్‌లలో అమెజాన్ ఎగువన చిన్న వాగుల్లో ఉంటుంది. ఆకులు రాలి, కొమ్మలు విరిగిపడి, నీళ్ళు టీ రంగులో ఉండే వాగులు కూడా వాటిలో ఉన్నాయి. ఆ నీలం గీత మసక వెలుతురులో అలా మెరుస్తుంది.

ఇప్పుడు మనం షాపుల్లో కొనేవి చాలావరకు ఫారాల్లో పుట్టినవే. అయినా సరే, వాటి తాతముత్తాతలు ఈదిన నీళ్ళ రంగు చూసి నేను వాటికి విషం అనుకున్నాను. ఈ ముక్క చదివిన రోజు నాకు నిజంగా నిద్ర పట్టలేదు.

ఒక మాట. టానిన్లు నీళ్ళని కొంచెం ఆమ్లంగా మారుస్తాయి. మన బోరు నీళ్ళు గట్టిగా ఉంటాయి కాబట్టి ఆ ప్రభావం పెద్దగా కనబడదు. రంగు నచ్చకపోతే వారానికి పావు వంతు నీళ్ళు మార్చండి, ఆ నీళ్ళలో ముందే క్లోరిన్ పోగొట్టే మందు వేయండి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. నెమ్మదిగా తగ్గుతుంది. ఒక్క రాత్రిలో మాత్రం ఏదీ చేయకండి.

కర్ర ఎందుకు తేలుతుంది

రెండో ప్రశ్న. రెండు రోజులు నానబెట్టినా కర్ర ఎందుకు మునగలేదు?

దీనికి సమాధానం వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఏ చెట్టు కర్రైనా సరే, దాని కణాల గోడ పదార్థం నీటి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. అంటే కర్ర నిజానికి మునిగే వస్తువు. దాన్ని తేల్చేది లోపలి సన్నటి గొట్టాల్లో ఉన్న గాలి. ఆ గాలి పోయి నీళ్ళు చేరితే ఏ దుంగైనా అడుక్కి పోతుంది. నానబెట్టడం, ఉడకబెట్టడం, రెండూ ఆ గాలిని బయటికి పంపే పనులే. ఉడకబెడితే గాలి వ్యాకోచించి బుడగలుగా వెళ్ళిపోతుంది, చల్లారేటప్పుడు ఆ ఖాళీల్లోకి నీళ్ళు పోతాయి. అందుకే ఉడికించిన నీళ్ళలోనే చల్లారనివ్వాలి. వెంటనే తీసేస్తే సగం పని పాడైనట్టే.

నీళ్ళు తాగిన కర్రకి ప్రపంచంలో పెద్ద ఉదాహరణ స్వీడన్ యుద్ధనౌక వాసా. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో మొదటి ప్రయాణానికి బయల్దేరింది. సుమారు 1,300 మీటర్లు వెళ్ళి, జనం చూస్తుండగానే ఒరిగి మునిగిపోయింది. 333 ఏళ్ళు అడుగున ఉంది. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ కాబట్టి కర్రని తొలిచేసే ఓడపురుగు అక్కడ బతకదు. 1961లో పైకి తీశారు. అప్పుడు అసలు సమస్య మొదలైంది. నీళ్ళు తాగిన కర్రని ఎండబెడితే ముడుచుకుపోయి పగుళ్ళు పడుతుంది. అందుకని 1962 నుంచి 17 ఏళ్ళ పాటు దాని మీద పాలిఎథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం కలిపిన నీళ్ళు చల్లుతూ ఉన్నారు. కర్ర లోపలి నీళ్ళ స్థానంలో ఆ పదార్థం చేరేదాకా.

ఇది మనకి చెప్పేదేంటి? కర్రలోకి ఏదైనా వెళ్ళాలన్నా, అందులోంచి ఏదైనా రావాలన్నా టైమ్ పడుతుంది. స్వీడన్ వాళ్ళకి 17 ఏళ్ళు పట్టింది, మనకి మూడు వారాలు ఓపిక లేకపోతే ఎలా?

మా తాతయ్యకి ఇదంతా చెబితే ఆయన నవ్వాడు. "ఒరే, వెదురు కొట్టాక చెరువులో నానేసేది ఎందుకనుకున్నావు? ఊరికేనా?" అన్నాడు. వెదురుని వారాల తరబడి నీళ్ళలో నానబెడితే లోపలి పిండి పదార్థం నీళ్ళలోకి దిగిపోతుంది. పురుగుకి తినడానికి ఏమీ మిగలదు, వాసాలు ఏళ్ళ తరబడి నిలబడతాయి. నానబెట్టిన చెరువు నీళ్ళు రంగు మారి కంపు కొట్టేవని, ఎవరూ దానికి కంగారు పడేవాళ్ళు కాదని కూడా చెప్పాడు. నేను ఇంటర్నెట్‌లో వెతికింది ఆయన చెరువు గట్టు మీద నేర్చుకున్నాడు.

ఏ కర్ర పెట్టకూడదు

ఇక్కడ ఒక తెలుగు పేరు చెప్పాలి. సొంటి కామేశం. 1930లలో డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన శాస్త్రవేత్త. కర్రకి చెదలు, బూజు పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు ఒకటి ఆయన తయారుచేశాడు. రాగి బూజుని చంపుతుంది, ఆర్సెనిక్ పురుగుని చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ కర్రలో అతుక్కునేలా చేస్తుంది. ‘ఆస్కు’ అని పేరు. ఆర్సెనిక్ గుర్తు ఏఎస్, రాగి గుర్తు సీయూ, రెండూ కలిపితే ఆస్కు. ఆ సూత్రం ప్రపంచమంతా పాకింది. కరెంటు స్తంభాలు, కంచె కర్రలు, ఇళ్ళ బయటి మెట్లు, అన్నిటికీ అదే. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ళ వాడకానికి ఇలాంటి కలప తయారీ ఆపేశారు.

గొప్ప ఆవిష్కరణే. కానీ కర్రని బతికించే గుణమే ట్యాంక్‌లో ప్రాణాల మీదికి తెస్తుంది. రాగి కొంచెం ఉన్నా నత్తలూ రొయ్యలూ చస్తాయి, చేపలకీ ప్రమాదమే. అందుకే పాత స్తంభం ముక్కలు, ప్యాకింగ్ చెక్కలు, ప్లైవుడ్, రంగో వార్నిషో వేసినవి అస్సలు వద్దు. గన్నేరు కర్ర వద్దు, ఆ చెట్టు నిలువెల్లా విషం. జిగురు కారే పైన్ లాంటివి వద్దు. పచ్చి కొమ్మ విరిచి పెట్టొద్దు. బీచ్‌లో దొరికితే ఉప్పు పోవడానికి నీళ్ళు మారుస్తూ వారాల తరబడి నానబెట్టాల్సిందే. గోరుతో నొక్కితే లోపలికి దిగిందంటే అది కుళ్ళిన కర్ర, వదిలేయండి.

ఇంకో మాట, ఇది సీరియస్‌గా. వరదలో కొట్టుకొచ్చే దుంగల కోసం ప్రవాహంలోకి దిగేవాళ్ళని గోదావరి గట్టున చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. కట్టెల కోసం, దూలాల కోసం బతుకు తెరువుకి దిగుతారు వాళ్ళు, అయినా ప్రాణం మీదికి వస్తుంది. అక్వేరియం కోసం మీరు మాత్రం దిగొద్దు. వరద తీశాక ఇసుక మీద దొరికింది చాలు.

నది కర్రని పీకేసినవాళ్ళు

చివరి మజిలీ. నదిలో కర్ర ఉంటే చెత్త అనుకోవడం నా ఒక్కడి తప్పేమీ కాదు. ఒక దేశమే అలా అనుకుంది.

అమెరికాలో రెడ్ రివర్ అనే నది ఉంది. లూసియానా వైపు దాంట్లో శతాబ్దాలుగా దుంగలు పేరుకుని 150 మైళ్ళకు పైగా ప్రవాహానికి అడ్డం పడి ఉండేవి. గ్రేట్ రాఫ్ట్ అనేవాళ్ళు. స్టీమర్లు వెళ్ళవు. హెన్రీ ష్రీవ్ అనే కెప్టెన్ దుంగలు పీకే ప్రత్యేక ఓడ ఒకటి తయారుచేశాడు. 1833లో పని మొదలెట్టి 1838కి దారి తీశాడు. ష్రీవ్‌పోర్ట్ అనే ఊరికి ఆయన పేరే పెట్టారు. కానీ దుంగలు మళ్ళీ పేరుకున్నాయి. 1873లో నైట్రోగ్లిజరిన్ పెట్టి పేల్చి పూర్తిగా తొలగించారు. ఫలితం? ఆ దుంగల వల్లే నిలిచిన నీళ్ళు దిగిపోయాయి. జెఫర్సన్ అనే ఊరు, ఆ నీళ్ళ పుణ్యాన టెక్సాస్‌లో పెద్ద రేవుగా బతికింది, రేవుగా అక్కడితో ముగిసింది.

తర్వాత 20వ శతాబ్దంలో అమెరికా పశ్చిమ తీరంలో సాల్మన్ చేపలకి అడ్డమని వాగుల్లోంచి కర్రంతా ఏరేశారు. కొన్నేళ్ళకి తెలిసింది: దుంగ ఉన్నచోటే నీళ్ళు లోతుగా నిలుస్తాయి, పిల్ల చేపలు దాక్కుంటాయి, పురుగులు పెరుగుతాయి, చేపకి తిండి దొరుకుతుంది. 1980ల నుంచి అదే వాగుల్లోకి డబ్బులు పెట్టి దుంగల్ని మళ్ళీ దింపుతున్నారు.

అంటే చేపకి కర్ర ఇల్లు. ఈ విషయాన్ని గాజు పెట్టెలో కళగా చూపించింది జపాన్‌కి చెందిన తకాషి అమానో. ఒకప్పుడు ప్రొఫెషనల్ సైక్లిస్టు, తర్వాత ఫోటోగ్రాఫర్. 1982లో కంపెనీ పెట్టి, కర్ర, రాయి, మొక్కలతో అడవి ముక్కలాంటి ట్యాంకులు చేశాడు. 2015లో లిస్బన్‌లో ఆయన చేసిన ట్యాంక్ 40 మీటర్ల పొడవు, లక్షా అరవై వేల లీటర్ల నీళ్ళు. అదే ఏడాది ఆగస్టులో ఆయన పోయాడు. ఇప్పుడు మీ ఫోన్లో రీల్స్‌లో కనబడే ప్రతి కర్ర లేఅవుట్ వెనకా ఆయన ప్రభావం ఉంది.

రెండోసారి

పోయినేడాది బాల్కనీలోంచి అదే కర్ర తీశాను. ఈసారి వరసగా చేశాను. ముందు గట్టి బ్రష్‌తో సబ్బు లేకుండా రుద్దాను. సబ్బు కర్రలోకి ఇంకితే వదలదు. ఊరెళ్ళినప్పుడు అమ్మ నీళ్ళు కాచే పాత గుండిగ అడిగాను. "మళ్ళీ అందులో నీళ్ళు కాచుకోవాలా వద్దా నాన్నా?" అంది, ఇచ్చింది. రెండు గంటల చొప్పున మూడుసార్లు ఉడకబెట్టి, ప్రతిసారీ అందులోనే చల్లారనిచ్చాను. మొదటిసారి నీళ్ళు కాఫీ, రెండోసారి టీ, మూడోసారి నీరుకాసిన టీ. తర్వాత బకెట్లో మూడు వారాలు, రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మారుస్తూ. పంతొమ్మిదో రోజున కర్ర తనంతట తనే అడుక్కి కూర్చుంది. పెద్ద కర్రైతే గిన్నెలో పట్టదు, దానికి నానబెట్టడమే దారి, నెలలు పట్టినా సరే. ఓవెన్‌లోనో మైక్రోవేవ్‌లోనో మాత్రం పెట్టకండి, నిప్పంటుకుంటుంది.

ట్యాంక్‌లో పెట్టిన వారానికి మళ్ళీ ఆ తెల్ల పొర వచ్చింది. కర్రలో మిగిలిన చక్కెరల్ని తినే బూజు, బాక్టీరియా అది. ఈసారి భయపడలేదు. వారింగ్టన్‌లాగే నాలుగు నత్తల్ని వదిలాను. పది రోజుల్లో నాకేశాయి.

నీళ్ళు ఇప్పటికీ లేత తేనె రంగులో ఉంటాయి. కార్బన్ పెడితే పోతుంది, నేను పెట్టలేదు. ఎనిమిది నియాన్ టెట్రాలు ఆ కర్ర రెండు పాయల మధ్యలోంచి గుంపుగా వెళ్తుంటాయి. రూమ్‌కి వచ్చిన ఫ్రెండ్స్ అడుగుతారు, నీళ్ళు మార్చలేదా అని. మొదటి ఆరు చేపల సంగతి వాళ్ళకి చెబుతుంటాను. అందుకే ఈ ఎపిసోడ్ కూడా చేశాను.

మీ ట్యాంక్‌లో నీళ్ళు రంగు మారితే ఆ రాత్రికి పడుకోండి. పొద్దున చేపల్ని చూడండి, తిండి తింటున్నాయా, మామూలుగా ఈదుతున్నాయా అని. తర్వాతే బకెట్ పట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. అప్పటిదాకా ఉంటాను, నమస్తే.